పదకొండో రోజు

అన్యాయం ఎవరికి జరిగింది? సుతారి పోశాలుకు, ఇళ్లు కట్టే తాపీమేస్త్రీకి, జరిగింది. ఎట్లా జరిగింది? అతడు చేయని తప్పును అతని నెత్తిన పెట్టి, ఆ తప్పువల్లనే అతని సొంత తమ్ముడు భిక్షపతి కప్పు కింద నలిగి చనిపోయాడని ఠాణానూ ఊరినీ కులాన్నీ, చివరికి భిక్షపతి భార్య మైసమ్మనూ నమ్మించడం వల్ల జరిగింది. ఎవరు చేశారు? ఈ మూడో ప్రశ్నకు జవాబు నా ఒడిలో ఉన్న పొడవాటి రేకు గొట్టంలో చుట్టి ఉంది. రైలు కాజీపేట దాటింది. ఇంకో గంటకు మహబూబాబాద్, ఇక్కడివాళ్ల నోట మానుకోట, వస్తుంది. మైసమ్మ అక్కడ ఉంటుంది. ఈ గంట గడిచేలోపు నేను ఏ మాటతో మొదలుపెట్టాలో నిర్ణయించుకోవాలి. డెబ్బై నాలుగేళ్లు వచ్చినదాన్ని, ముప్పై రెండేళ్లు పిల్లలకు వాక్యనిర్మాణం నేర్పినదాన్ని, ఒక్క మొదటి వాక్యం దొరకక జనగామ నుంచి ఇక్కడిదాకా కిటికీ చువ్వలు లెక్కపెడుతూ వచ్చాను.

వరంగల్‌లో దిగి మేడారం బస్సెక్కే జనంతో పెట్టె కిక్కిరిసి ఉంది. జాతర ఏడు కదా. నా ఎదుట కూర్చున్నామె ఒడిలో గుడ్డ కప్పిన బెల్లం ముద్ద, పసిబిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా పట్టుకుంది. ఆమె నా గొట్టంవంక అరగంటగా చూసి చూసి ఆగలేక, "అవ్వా, గండ్ల ఏమున్నది? తుపాకా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పటం అన్నాను. "దేవుని పటమా?" కాదు, ఇంటి పటం అన్నాను. "ఇల్లు గడుతున్నవా గీ వయసుల! గట్టిదానివే," అని మళ్లీ నవ్వించింది. నేనూ నవ్వవలసింది. నవ్వు రాలేదు. ఆ బెల్లం వాసన నన్ను అప్పటికే నలభై ఆరేళ్లు వెనక్కి లాగేసింది. భిక్షపతి ఆ ఏడు తన తొలి కొడుకు చిరంజీవి బరువుకు సరితూగే బెల్లం సమ్మక్కకు మొక్కుకున్నాడు. ఆ మొక్కు కోసమే అందరూ తొందరపడ్డారని నేను రాశాను. రాశాను అన్న మాట వచ్చింది కదా. దాన్ని ఇప్పుడే తాకను, కొంచెం ఆగుతాను.

నాయన గురించి ముందు చెప్పుకోవాలి. ఆర్కిటెక్టు బాలశౌరి. జనగామలో ఆ మాటకు అర్థం తెలిసినవాళ్లు పదిమంది లేని రోజుల్లో మా ఇంటి గుమ్మం మీద ఆ పలక ఉండేది. ముందు గదిలో వాలుబల్ల, దాని అంచున జారే టీ-స్క్వేరు, మఖమలు పెట్టెలో నిద్రపోతున్నట్టుండే కంపాసులు, సిరాతో సన్నగీత గీసే ఇత్తడి కలం. ఆ కలాన్ని ముట్టుకోవడానికి అమ్మకు కూడా అనుమతి లేదు. నాకు పన్నెండేళ్లు నిండిన రోజు ఆ పెట్టె తెరిచి, ఒక్కో పరికరాన్నీ నా అరచేతిలో పెట్టి, దాని బరువు తెలిసేదాకా ఉంచి తీసుకున్నాడు. "గీత గీసేవాడికి చెయ్యి ముఖ్యం కాదు ఫిలోమినా, నిజాయితీ ముఖ్యం. గీత అబద్ధమాడితే గోడ కూలుతుంది," అన్నాడు. కాన్వెంటులో సిస్టర్ చెప్పిన ఆత్మశోధన కంటే ఆ మాట నాకు ఎక్కువ పట్టింది. పరికరాలన్నింటిలో నాకు ఇష్టమైనది ఒక చిన్న సుత్తి. పిడి నల్లబడిపోయింది, తల ఇత్తడిది. కొత్తగా పోసిన కప్పును దానితో తట్టి, చెవి వాల్చి వినేవాడు. గట్టిపడిన కప్పు గంటలా మోగుతుందట, పచ్చి కప్పు చచ్చు చప్పుడు చేస్తుందట. నాయన చెవి తప్పు చెప్పదని మేస్త్రీలు చెప్పుకునేవారు. నాయన కూడా నమ్మేవాడు. నమ్మకం ఎక్కడ గర్వమైందో ఆయనకు తెలియలేదు. నాకూ తెలియలేదు.

వరంగల్. పెట్టె సగం ఖాళీ అయింది. బెల్లం ముద్దామె దిగుతూ, "ఇల్లు మంచిగ నిలవాలె అవ్వా," అని నా భుజం తట్టి పోయింది. ఫోను మోగింది. మా తమ్ముడి కొడుకు యుగేందర్. ఎత్తకపోతే అన్ని స్టేషన్లలోనూ మోగుతుంది కనుక ఎత్తాను. "అత్తమ్మా, ఏడున్నవ్? నిజంగనే పోతున్నవా?" పోతున్నాను అన్నాను. "జర ఆలోచించు. తాత బొమ్మలు హైదరాబాద్‌ల ఎగ్జిబిషన్ పెడ్తమని గ్యాలరీవాళ్లు ఒప్పుకున్నరు. గిప్పుడు నువ్వు గీ పాత ముచ్చట తవ్వితే తాత పేరు ఖరాబు గాదా? సచ్చిపోయినాయన లేసొచ్చి జవాబు చెప్తడా?" చనిపోయినవాడు ఇంకొకడు కూడా ఉన్నాడు, అతడు కూడా లేచి రాలేదు అన్నాను.  "నువ్వు టీచర్ లెక్క మాట్లాడకు అత్తమ్మా," అన్నాడు. చెడ్డవాడు కాడు యుగేందర్. వాడు పుట్టేనాటికి నాయన బొమ్మలు గీసే మంచి ముసలాయన మాత్రమే. వాడికి ఆ పేరే దక్కింది. దాన్ని నేను తీసుకుంటున్నాను. ఫోను పెట్టేశాను.

బొమ్మలు. పంతొమ్మిది నీటిరంగుల బొమ్మలు. నాయన పటం గీయగా పోశాలు కట్టిన భూపాలపల్లి హాస్టలు భోజనశాల కూలిన ఏడాది నుంచి చనిపోయే ఏడు వరకు, ఈస్టరు ముందు వచ్చే ప్రతి తపస్సు కాలంలోనూ నాయన ఒక బొమ్మ వేశాడు. నలభై రోజులు మాంసం ముట్టడు, మాట తక్కువ, బొమ్మ మాత్రం వేస్తాడు. అన్నింటిలో అదే భవనం. అడవి అంచున, ఎర్రమట్టి వాకిట్లో, కూలని కప్పుతో, ఎప్పుడూ ఎక్కడా నిలబడని ఆ భోజనశాల. గుమ్మంలో ఒక చిన్న మనిషి. ఆర్కిటెక్టులు కట్టడం ఎత్తు తెలియడానికి పక్కన మనిషిని వేస్తారు, అందుకే వేశాడనుకున్నాను. ఆ మనిషి తలకు ప్రతి బొమ్మలోనూ ఎర్ర రుమాలు. అది కూడా రంగుల పొందిక అనుకున్నాను. మొదటి బొమ్మ, అన్నింటిలోకీ పెద్దది, మేము అన్నం తినే గదిలోనే వేలాడేది. దాని కింద కూర్చుని నేను నలభై ఆరేళ్లు తిన్నాను. దైవభీతి గల మనిషి తన విఫలమైన కలను ప్రేమించుకుంటున్నాడని పొంగిపోయాను, వచ్చినవాళ్లకు చూపించి ఆ మాటే చెప్పాను. భిక్షపతి ఎర్ర రుమాలు కట్టుకునేవాడు. అది నాకు తెలుసు. ఒకసారి మా ఇంటికి కొలతల కర్ర మోసుకొచ్చి, వాకిట్లో నిలబడి, ఆ రుమాలు విప్పి చెమట తుడుచుకుంటే నేనే చెంబుతో నీళ్లు ఇచ్చాను. తెలిసి కూడా చూడలేదు.

మూడు వారాల కింద ఆ పెద్ద బొమ్మ వెనక అట్టను చెదలు తినేశాయి. యుగేందర్ పంపబోతున్నాడు కదా, కొత్త అట్ట వేయిద్దామని మేకులు తీశాను. అట్టకూ బొమ్మకూ నడుమ మడతపెట్టని ట్రేసింగు కాగితం ఉంది. ఆ భోజనశాల పటమే. పని జరిగే చోట మేస్త్రీకి చూపించే పెన్సిలు ప్రతి. కప్పు పక్కన, మూలకు, నాయన చేతిరాత: "పోశాలుకు. జాతర ముందు, పదకొండో రోజు ఊత కర్రలు తీయవచ్చు. నేను తట్టి చూశాను." కొత్త కప్పు గట్టిపడేదాకా దాన్ని కింద నుంచి మోసే కర్రలవి. కింద తేదీ, సంతకం. ఆ కాగితానికి ఈ కొస నుంచి ఆ కొసకు ఒక అడ్డగీత. గీత మీద "రద్దు" అన్న మాట, ఇంకో తేదీ. ఆ తేదీ కప్పు కూలిన రెండు రోజులకు.  పనిమనిషి వచ్చి, "అమ్మా, పరేషాన్‌గ కనబడ్తున్నవ్, కూసో," అని కుర్చీ జరిపింది.

నాయన దాన్ని ఎందుకు కాల్చలేదు? ఎంత సులువు! ఒక అగ్గిపుల్ల చాలు. కాల్చలేడు. ఆయన కార్యాలయంలో ఒక నియమం ఉండేది. కుర్రాళ్లను కొట్టినంత పనిచేసి నేర్పేవాడు: గీసిన కాగితాన్ని చింపకూడదు, పారేయకూడదు, తప్పైతే అడ్డగీత గీసి, రద్దు అని రాసి, తేదీ వేసి దాచాలి, తప్పు ఎప్పుడు తెలిసిందో కాగితమే చెప్పాలి. ఆ చెయ్యి నలభై ఏళ్ల అలవాటుతో, తన మెడకు తానే ఉరి బిగించుకుంటున్నానని తెలిసి కూడా, తేదీ వేసింది. అబద్ధమాడడానికి ఆయన నోటికి వీలైంది, చేతికి కాలేదు. లేక అబద్ధమాడిన నోరు కూడా ఆయనది కాదేమో. ఇక దీన్ని తాకక తప్పదు. నోరు నాది.

నెక్కొండ. పత్తి బస్తాల మీద ఎండ. ప్లాట్‌ఫారం మీద ఎవరో ఎవరినో తిడుతున్నారు. ఠాణాలో ఇవ్వవలసిన వాంగ్మూలాన్ని నేను రాశాను. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. నాయన కలం పట్టలేకపోయాడు. "కర్రలు ఇరవై ఒక్క రోజులు ఉంచాలని పటంలో రాసి ఉంది కదా నాయనా?" అని నేను అడిగాను. ఉంది అన్నాడు. సిరాతో గీసిన శుభ్రమైన ప్రతిలో ఇరవై ఒక్క రోజులనే ఉంది, అదే ఠాణాకు చూపించాం. "మరి పదకొండో రోజుకే తీశారంటే ఎవరినీ అడగకుండా తీశారనేగా?" ఆయన మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను దుఃఖమనుకున్నాను. మిగతాదంతా నేనే అల్లాను. "జాతరకు పోవలెనన్న తొందరలో, మొక్కుబడి మీది మూఢభక్తితో, మేస్త్రీ పోశాలు ఎవరి అనుమతీ లేకుండా తన తమ్ముణ్ణి కప్పు కిందికి పంపి ఊత కర్రలు తీయించెను." సిస్టర్లు మెచ్చుకునే వాక్యం. ఒక్క అక్షరం కొట్టివేత లేదు. పూర్తయ్యాక నాయనకు చదివి వినిపించి, ఇది నిజమేనా అన్నాను. ఆయన కాగితం అందుకుని చాలాసేపు చూసి, "అక్షరాలు బాగున్నాయి," అన్నాడు. సంతకం చేశాడు. మూఢభక్తి అన్న మాట నాకు ఎవరూ చెప్పలేదు. అది నా సొంతం. మెడలో జపమాల వేసుకుని రాశాను.

పోశాలు చెప్పగా తెలిసిన నిజం ఏమిటంటే గుత్తేదారుకు ఆ కర్రలు ఇంకోచోట కావాలి. జాతరకు పోయిన కూలీలు మళ్లీ పదిహేను రోజులకు గాని రారు. అందరూ నాయన మొహం చూశారు. నాయన సుత్తి తీసి కప్పు తట్టాడు. అది మోగింది. పుష్యమాసపు చలిలో అడవి అంచున పోసిన కప్పు పైపైన గట్టిపడి లోపల పచ్చిగా ఉంటుందని, చలికి రోజులు పెంచాలే గాని తగ్గించకూడదని, ఏ చదువుకున్నవాడికైనా తెలుసు. చెవి పుస్తకాన్ని ఓడించింది. మర్నాడు పొద్దున చివరి వరస కర్రల కోసం భిక్షపతి లోపలికి పోయాడు.

పోయిన గురువారం భూపాలపల్లి వెళ్లాను. పోశాలుకు ఎనభై దాటాయి. వాడ చివర మేకల కొట్టం పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు నెలలు జైలులో ఉండి వచ్చాక ఎవరూ పని చెప్పలేదట, మళ్లీ తాపీ పట్టలేదట. కాగితం విప్పి, వంగి, చదివి వినిపించాను. నిలబడి క్షమాపణ అడిగాను. అతడు నా మొహంవంక కాదు, కాగితంవంక కూడా కాదు, మేకలవంక చూస్తూ విన్నాడు. "ఏందమ్మా గిది నాకు సూపెడ్తున్నవ్? నాకు అచ్చరం ముక్క రాదు. గని మీ బాపు గా పొద్దు గా ఇటుకల కుప్ప మీద కూసోని గీ రాత రాస్తుంటె పక్కన నిలవడ్డది నేనే గద. నాకెర్కలేదా?" మరి ఠాణాలో ఎందుకు చెప్పలేదన్నాను. అప్పుడు నవ్వాడు. "ఎందుకు చెప్పలే? మూడు దినాలు చెప్పిన. కాయితం ఏదిరా అన్నరు. కాయితం సారు జేబుల వాయె. మీది సదువుకున్నోళ్ల కాయితం, నాది తాగుబోతు నోరు. నిజంగనే తాగుతుంటి గూడ." ఒక మేకపిల్ల మంచం కోడు కొరుకుతుంటే కాలితో అదిలించాడు. "గీటికి స్లాబులు అక్కర లేదు. గందుకే గీటితోని బతికిన." నన్ను ఏం చేయమంటారు అన్నాను. అప్పుడు మొదటిసారి నన్ను చూశాడు. "నాకేం జెయ్యకు. నీకు పాపం పోవాల్నంటె చర్చికి పో. మైసమ్మ నా తమ్ముని పెండ్లాం. నేను తమ్ముణ్ణి సంపుకున్ననని గా పొద్దు నా మొకం మీద దుమ్ము కొట్టి పోరగాణ్ణి ఎత్తుకోని పోయింది. మానుకోటల ఉంటది. నేను సచ్చేలోపు గామెకు చెప్పు. చెప్తె గామెకు చెప్పు, లేకుంటె ఊకో."

కేసముద్రం. ఇంకో స్టేషనే.  గొట్టం మూత రెండుసార్లు తీసి చూశాను, కాగితం ఉందా అని, ఎవరో దొంగిలిస్తారన్నట్టు. ఎవరూ దొంగిలించరు. నేనే కిటికీలోంచి జార్చేయగలను. ఈ చేను, ఈ గాలి, ఎవరు చూస్తారు? పోశాలు ఇంకెవరికీ చెప్పడు, చెప్పినా కాయితం ఏదిరా అంటారు. ఈ ఆలోచన నాకు వచ్చింది. వచ్చిందని ఒప్పుకుంటున్నాను. నాయనకు కూడా ఇట్లాగే, ఇంతే సాఫీగా, ఏ చప్పుడూ లేకుండా వచ్చి ఉంటుంది. ఇంకా సన్నని మోసం ఒకటి ఉంది: కాగితం చూపించి, తప్పంతా నాయనదని చెప్పి, వాంగ్మూలం మాట ఎత్తకుండా రావడం. అది సులువు. నాయన పోయాడు. న్యాయం చేసినదాన్ననే పేరు కూడా నాకే దక్కుతుంది. జీవితమంతా తప్పు చేసిన పిల్లల్ని నిలబెట్టి, ఎవరు చేశారో చెప్పేదాకా కదలనివ్వని దాన్ని నేను. రైలు మెల్లబడింది. మొదటి వాక్యం ఇంకా దొరకలేదు.

మైసమ్మ ఇల్లు స్టేషనుకు అంత దూరం కాదు. వాకిట్లో చాట ముందు పెట్టుకుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. పక్కన ఆటో తుడుస్తున్నవాడు చిరంజీవి అని అడగకుండానే తెలిసింది, భిక్షపతి భుజాలే. బాలశౌరి సారు బిడ్డనన్నాను. ఆమె చెయ్యి ఆగలేదు. "ఏం పనికొచ్చినవ్?" కూర్చోమనలేదు. నేను నిలబడే కాగితం విప్పాను. చిరంజీవిని చదవమన్నాను, నా నోటితో చదివితే నమ్మవలసిన పని లేదు కదా. అతడు మాట మాటకూ ఆగి చదివాడు.  మైసమ్మ మళ్లీ చదవమంది. మళ్లీ చదివాడు. తేదీలు నేను చెప్పాను. పోశాలు అడగకుండా తీయలేదని, మా నాయన తీయమంటేనే తీశాడని, ఆ మాట దాచాడని చెప్పాను. గోడ అవతలినుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తొంగిచూస్తున్నారు.

చాట పక్కకు పెట్టింది. "గా పొద్దు ఠాణాల ఒక కాయితం సదివిండ్రు," అంది. "మొక్కు కోసం అన్న తమ్ముని లోపలికి తోలిండని. నా మొగడు నా కొడుకు మొక్కుకే సచ్చెనని నలభై ఏండ్ల సంది జాతరకు గూడ పోలే నేను. గది ఎవలు రాసిండ్రు? మీ బాపేనా?"

ఇక్కడ ఆగిపోవచ్చు. అవునంటే చాలు.

"నేను," అన్నాను. "ప్రతి అక్షరం నేనే రాశాను. మొక్కు మాట ఆయన చెప్పలేదు. నేనే చేర్చాను."

 చిరంజీవి చేతిలో గుడ్డ కింద పడింది. ఆమె లేచి నా ఎదుటికి వచ్చింది. కొడుతుందనుకున్నాను, కొడితే నిలబడాలనుకున్నాను. "గట్టిగ చెప్పు," అంది. "గీ వాడంత ఇనాలె. గాళ్లంత నా బావను హంతకుడన్నరు." చెప్పాను. ఉన్న ఊపిరంతా పెట్టి, బడిలో చివరి వరస పిల్లలకు వినబడేలా చెప్పే గొంతుతో, పోశాలు తప్పు చేయలేదని, చేసింది బాలశౌరి అని, దాన్ని పోశాలు మీద రాసింది బాలశౌరి కూతురు ఫిలోమిన అని చెప్పాను. రెండోసారి చెప్పమంటే రెండోసారి చెప్పాను. ఎవరో అవతలి వీధికి పరిగెత్తి ఇంకొందరిని పిలుచుకొచ్చారు. వాళ్ల కోసం మూడోసారి చెప్పాను. చిరంజీవి కుర్చీ తేబోయాడు. "ఉండనియ్యి," అంది మైసమ్మ. సరైన మాట.

"పెద్దబాపు నెంబరున్నదా నీ తాన?" అని కొడుకును అడిగింది. అతడు తలవంచుకుని, ఉన్నదని, అప్పుడప్పుడు తాను చాటుగా మాట్లాడుతుంటానని ఒప్పుకున్నాడు. "దొంగముండకొడుక," అంది, తిట్టులో కోపం లేదు. "కలుపు."

స్పీకరు పెట్టిన ఫోను చెవికి కాదు, నోటికి ఎదురుగా, దీపం పట్టుకున్నట్టు పట్టుకుంది. అటునుంచి మేకల అరుపు, ఆపై పోశాలు గొంతు. "ఎవలు?"

మైసమ్మ ఫోనును ఇంకొంచెం దగ్గరికి తెచ్చుకుంది. 

"బువ్వ తిన్నవా, బావా?"

  అటు మేకలను అదిలించి, "ఇంకా తినలే మైసమ్మా," అన్నాడు.

"తినకు. వస్తున్న. వచ్చి వండుత," అని ఆమె ఫోను కొడుకు చేతిలో పెట్టి, పైట చెంగు బిగించి, ఆటో ఎక్కి కూర్చుంది.